ఫిజిక్స్ వాలా అంత తక్కువ ఫీజుతో ఎలా ఎదిగింది? తమ్ముణ్ణి చేర్పించొచ్చా?

నంద్యాల అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడు ఇంటర్ బైపీసీ అయ్యాక మళ్లీ నీట్‌కి చదువుతున్నాడు. పోయినేడు లాంగ్‌టర్మ్ అని విజయవాడలో ఒక హాస్టల్లో చేర్పిస్తే నాలుగు నెలలకే జ్వరంతో ఇంటికొచ్చేశాడు. కట్టిన ఫీజులో రూపాయి వెనక్కి రాలేదు. ఇప్పుడు ఫిజిక్స్ వాలా ఆన్‌లైన్ బ్యాచ్ కావాలంటున్నాడు. ఫీజు చూస్తే మేం అక్కడ కట్టినదాంట్లో పదో వంతు కూడా లేదు. "ఇంత చవగ్గా చెప్పేవాళ్లు అంత పెద్ద కంపెనీ ఎట్లా అవుతారు, ఎక్కడో తిరకాసు ఉంటుంది" అని నాన్న ఒప్పుకోవడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు ట్యూషన్ మాస్టారు:
అమ్మా, మీ నాన్నగారి అనుమానం సహజమే. ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను కాబట్టి ఈ సంగతి మొదట్నించీ గమనిస్తూ వచ్చాను. ఫిజిక్స్ వాలా పెట్టిన అలఖ్ పాండే అలహాబాద్‌లో చిన్న కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పిన మాస్టారు. 2014లో యూట్యూబ్ ఛానల్ పెట్టాడు. చాలాకాలం ఫీజు మాటే లేదు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఊళ్లలో పిల్లలు కూడా ఆ పాఠాలు చూడగలిగారు. 2020లో కరోనాతో కోచింగులు మూతపడ్డప్పుడు ప్రతీక్ మహేశ్వరితో కలిసి యాప్ తెచ్చి, ఏడాది బ్యాచ్‌ను 999 రూపాయలకి ఇచ్చాడు. తాకిడికి యాప్ కూడా ఆగిపోయింది. అప్పటికే లక్షలమంది ఆయన పాఠం విని ఉన్నారు, వాళ్లని రప్పించడానికి ప్రకటనల మీద కోట్లు పోయాల్సిన పని పడలేదు. తిరకాసేమీ లేదమ్మా, ఒక్కొక్కరి దగ్గర కొంచెమే తీసుకున్నా కట్టేవాళ్లు లక్షల్లో ఉన్నారు. 2022 జూన్‌లో మొదటిసారి బయటి పెట్టుబడి, 10 కోట్ల డాలర్లు తీసుకునేసరికి కంపెనీ విలువ 110 కోట్ల డాలర్లు. 2025 నవంబర్‌లో షేర్ మార్కెట్‌కీ వచ్చింది.

నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. ఇంత ఆన్‌లైన్ కంపెనీ 2022 నుంచి విద్యాపీఠ్ పేరుతో తరగతి గదులు తెరుస్తూ వస్తోంది. పిల్లాడి పక్కన కూర్చుని "ఈ లెక్క ఎందుకు చేయలేదురా" అని అడిగే మనిషి కావాలి. ఆ పని వీడియో చెయ్యదు.

బైపీసీ కుర్రాడు, కర్నూలు:
అక్కా, నేను అదే బ్యాచ్‌లో చదివాను. పాఠాలు చాలా బాగుంటాయి, కానీ నేను తీసుకున్న బ్యాచ్‌లో సార్లు ఎక్కువ హిందీలోనే చెప్పేవాళ్లు. మొదటి నెల "ఘర్షణ్", "త్వరణ్" అని వినపడగానే వీడియో ఆపి, నోట్స్‌లో పక్కన ఘర్షణ, త్వరణం అని రాసుకునేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది. అసలు కష్టం బ్యాక్‌లాగ్. ఒక రోజు క్లాసు వదిలేస్తే "రేపు రెండింతల స్పీడులో చూద్దాంలే" అనిపిస్తుంది. దసరాకల్లా నాకు 40 క్లాసులు పేరుకుపోయాయి. డీపీపీ, అంటే రోజూ ఇచ్చే ప్రాక్టీస్ ప్రశ్నలు, ఏ రోజువి ఆ రోజే చేయించండి.

నంద్యాల అక్క:
చాలా థాంక్స్ మాస్టారూ, తమ్ముడూ. మీ రెండు జవాబులూ నాన్నకి చదివి వినిపించాను. పాఠం తనకి అర్థం కాకపోయినా, రోజూ రాత్రి భోజనాలయ్యాక డీపీపీ నోట్స్ తెచ్చి చూపించాలని షరతు పెట్టారు. వాడు సరేనన్నాడు. సోమవారం చేర్పిస్తున్నాం. మాస్టారూ, డౌట్లుంటే ఆదివారాలు మీకు ఫోన్ చేయించొచ్చా?