సమస్యాపూరణం: "చేదు లేని యింట చెలిమి లేదు"

మిత్రులకు నమస్కారం. పరాభవ నామ ఉగాది 2026 మార్చి 19న వచ్చి వెళ్లింది. వేప చెట్ల కింద పూత ఇంకా రాలుతూనే ఉంది. అందుకే ఈసారి చేదు మీద సమస్య ఇస్తున్నాను.

చేదు లేని యింట చెలిమి లేదు

ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; ముందు మూడు పాదాలు మీరు కట్టి దీనికి అర్థం కుదర్చాలి. కొత్తవారి కోసం లెక్క చెబుతాను (గణమంటే గురులఘువుల, అంటే పొడుగు పొట్టి అక్షరాల, కూర్పు; సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు పెద్దవి): 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) నియమం లేదు. వేమన పద్యాలు నోటికి వచ్చినవారికి ఈ నడక ఎవరూ నేర్పనక్కర్లేదు.

చేదు ఉన్నచోట చెలిమి ఎలా ఉంటుందన్నదే చిక్కు. ఇల్లు, వంట, పుస్తకం, స్నేహం, వసంతం, వీటిలో మీకు రోజూ ఎదురయ్యే దానితోనే పూరించండి. పురాణ కథల జోలికి వెళ్లవద్దని మనవి.

నిజామాబాద్ మిత్రుడు:

వేప పూత లేక పెట్టునా యమ్మమ్మ
పరగడుపున మాకుఁ బండుగనుచు?
నాలుకలను చూపి నవ్వుకొంటిమి నాడు;
చేదు లేని యింట చెలిమి లేదు.

మా వైపు ఉగాది పచ్చడి పల్చగా చేసి గ్లాసుల్లో పోస్తారు మాస్టారూ. నాకడం కాదు, తాగడమే. తాగినాక పిల్లలందరం నాలుకలు బయటపెట్టి ఎవరి నాలుకకు పూరేకు అంటుకుందో చూసుకునేవాళ్లం.

నిర్వాహకుడు: మూడో పాదం చదివి నా చిన్నతనం వాకిట్లో నిలబడ్డాను. గణాలు, యతులు సరిపోయాయి. 'వే'కు 'పె' యతి చెల్లుతుంది. ఒక్క సవరణ చాలు: 'నాలుకలను' చివర ద్రుతం (నకారం) ఉంది కనుక తర్వాతి 'చ' సరళమై 'జ' అవుతుంది. 'నాలుకలను జూపి' అనండి. 'మాకుఁ బండుగ' దగ్గర ఈ నియమం మీరే పాటించారు, ఇక్కడ జారిపోయింది.

విజయవాడ సోదరి:

పొరుగు పిన్ని చేయు పొడి నింపు కాకర
గిన్నె గోడ మీఁద కెక్కి వచ్చు;
మామిడొకటి పెట్టి మరలింతు నా గిన్నె;
చేదు లేని యింట చెలిమి లేదు.

నిర్వాహకుడు: గిన్నె గోడెక్కి రావడం ఎంత బాగుందో అమ్మా! పక్కింటి గిన్నెను ఖాళీగా పంపకూడదన్న మన ఇళ్ల మర్యాదంతా మూడో పాదంలో ఉంది. అయితే 'మామిడొకటి' కుదరదు. ఇకార సంధి (చివరి 'ఇ' పోయి తర్వాతి అచ్చు కలవడం) ఏమి, అది, ఇది వంటి మాటలకూ కొన్ని క్రియలకూ వికల్పంగా వస్తుంది. మామిడి నామవాచకం కాబట్టి 'మామిడి యొకటి' అనాలి. అలా అంటే గణం చెడుతుంది. 'మావికాయఁ బెట్టి' అంటే రెండూ నిలుస్తాయి.

విజయవాడ సోదరి: సవరించుకున్నాను మాస్టారూ. ఈ నెలలో మా చెట్టున పచ్చికాయలే ఉన్నాయి, కాబట్టి 'మావికాయ' అనడమే నిజం కూడా. పిన్నిగారు దాన్ని పప్పులో వేసి మళ్లీ గిన్నెడు పంపారు.

కాకినాడ సోదరి:

కాఫి పొగలు చిమ్మ గడపపైఁ గూర్చుండి
కథను జదువ నొకతె, కన్ను తడియ
చెంగుఁ జాపు నొకతె చెప్పక యే మాట;
చేదు లేని యింట చెలిమి లేదు.

నిజామాబాద్ మిత్రుడు: అక్కా, గడప మీద కూర్చుంటే మా అమ్మ ఊరుకోదు. పద్యం మాత్రం చాలా బాగుంది. కానీ ఇందులో చేదు ఏది? కథలోని దుఃఖమా?

కాకినాడ సోదరి: కథ ఒకటి తమ్ముడూ, కాఫీ ఒకటి. నా స్నేహితురాలికి షుగర్ వచ్చి ఆరేళ్లయింది. అప్పటి నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం చక్కెర లేకుండానే తాగుతాం. ఆవిడ వద్దంటుంది, నేను వినను. సాయంత్రం అయిదింటికి వస్తుంది, లైబ్రరీ పుస్తకం తెస్తుంది. కళ్లజోడు నాది కాబట్టి చదవడం నా వంతు.

నిర్వాహకుడు: అమ్మా, ఈ మాట పద్యంలోకి రాకుండా బయట ఉండిపోతే ఎలా? పొగలు ఎవరి కాఫీకైనా వస్తాయి. చక్కెర మానుకున్నది మీరు. 'తీపి లేని కాఫి' అని మొదలుపెట్టండి. 'తీ'కి యతిగా 'తిన్నె' దొరుకుతుంది, గడప బాధా పోతుంది. 'కాఫీ'ని 'కాఫి'గా కుదించడం నాకు అభ్యంతరం కాదు, నోట్లో నలిగిన మాటకు పద్యంలో చోటుండాలి. ఇలా చూడండి:

తీపి లేని కాఫి తిన్నెపైఁ ద్రావుచుఁ
గథను జదువ నొకతె, కన్ను తడియ
చెంగుఁ జాపు నొకతె చెప్పక యే మాట;
చేదు లేని యింట చెలిమి లేదు.

చివరి రెండు పాదాలను నేను ముట్టుకోలేదు, ముట్టుకోను. రెండు, మూడు పాదాల్లో 'ఒకతె' రెండుసార్లు రావడం పునరుక్తి అని ఎవరైనా అనవచ్చు. నాకు అలా అనిపించలేదు. ఎవరు చదివారో, ఎవరు కొంగు అందించారో తెలియకపోవడంలోనే ఇద్దరూ సమానమయ్యారు.

కాకినాడ సోదరి: ఈరోజు అయిదింటికి కథకు ముందు ఇదే చదివి వినిపిస్తాను.

విశాఖ మిత్రుడు: మాస్టారూ, 'చేద లేని' అని మార్చుకోవచ్చా? మా ఇంటి నూతి దగ్గర చేదతో నీళ్లు తోడుకుంటూ మాట్లాడుకునే ఆడవాళ్ల మీద రాయాలని ఉంది.

నిర్వాహకుడు: ఇచ్చిన పాదాన్ని మార్చకూడదు, అక్షరం కూడా. ముందు పాదం చివరి అక్షరాన్ని కలిపి విరిచి అర్థం మళ్లించే వెసులుబాటు ఉంది, అంతే. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు పాదం మారితే ఒప్పుకోడు కదా. నూతి గట్టు మాత్రం మంచి ఊహ, విడిగా రాసి పంపండి.

విశాఖ మిత్రుడు: సరేనండి, ప్రస్తుతానికి ఇది:

పద్యమందుఁ దప్పు పట్టి చూపినవాఁడె
పనస తొనలఁ దీసి పంచినాఁడు;
మందు వోలె నతని మాట నా కింపయ్యె;
చేదు లేని యింట చెలిమి లేదు.

నిర్వాహకుడు: ఛందస్సు నిర్దుష్టం. చేదుమాటను చెలిమితో ముడివేసిన తీరు బాగుంది. కానీ సమస్యలో ఇల్లు ఉంది, మీ మూడు పాదాల్లో ఇల్లు లేదు. అందువల్ల చివరి పాదం అతికించినట్టు వినిపిస్తోంది. 'పనస తొనల నింటఁ బంచినాఁడు' అంటే చాలు, యతికి 'ప - బ' చెల్లుతుంది.

కొత్త సభ్యురాలు: నాకు ఒక్క పాదమే వచ్చిందండి. 'మల్లె పూలు కోసి దండ గుచ్చిన వేళ'. తప్పయితే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

నిర్వాహకుడు: గణాలన్నీ సరిగ్గా పడ్డాయి తల్లీ, మొదటిసారికి అది చాలా పెద్ద విషయం. యతి ఒక్కటే తప్పింది: 'మ'కు 'ద' కలవదు. దండను మాల చెయ్యండి. 'మల్లె పూలు కోసి మాల గుచ్చిన వేళ'. మిగతా రెండు పాదాలకు తొందర లేదు. పూలు ఎవరి కోసం గుచ్చుతున్నారో తలుచుకుంటే అవే వస్తాయి.

డాలస్ మిత్రుడు: ఇక్కడ వేప చెట్టు లేదు మాస్టారూ. అమ్మ ఎండబెట్టి పంపిన పూత డబ్బాలో ఉంది. ఉగాది నాడు నాలుగు తెలుగు కుటుంబాలం చిటికెడు చిటికెడు పంచుకున్నాం. పద్యం ఇంకా కుదరలేదు, నిజామాబాద్ మిత్రుడి పద్యం చదివి మా పిల్లల చేత నాలుకలు చూపించాను.

నిర్వాహకుడు: పూరణలు ఇంకా రావచ్చు, తలుపు తీసే ఉంది. వచ్చే వారానికి, రాత్రంతా చదివే అలవాటున్న మిత్రుల కోసం:

పుస్తకమ్ము మూయఁ బొద్దు పొడిచె