రెడ్ రాక్స్‌లో అమ్మ, పాప పుట్టినరోజులు: సలహా కావాలి

అమెరికాలో డెన్వర్ దగ్గర ఉన్న ఆరుబయలు వేదిక రెడ్ రాక్స్ ఆంఫీథియేటర్‌లో కచేరీకి పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. మా అమ్మవి, పాపవి పుట్టినరోజులు జూన్‌లో ఒకే వారంలో వస్తాయి. గుంటూరు నుంచి వచ్చిన అమ్మకు అరవై నిండుతున్నాయి. హోటల్లో కేక్ కోయించడం కంటే, ఆ రెండు పెద్ద ఎర్రబండల మధ్య ఆరుబయట కూర్చోబెట్టి ఆర్కెస్ట్రా వినిపించాలని నా కోరిక.

టెన్షన్ అంతా అమ్మ మోకాళ్ల గురించే. ఇంట్లో మేడ మెట్లే రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి ఎక్కుతుంది. అక్కడేమో మెట్లలా పైకి లేచే 70 వరసల సీట్లు! మెట్లు ఎక్కలేనివాళ్లకు అన్నిటికంటే కిందున్న మొదటి వరసలో, అన్నిటికంటే పైనున్న 70వ వరసలో సీట్లు ఉంటాయి. వీటిలో ఏది నయం? పైనుంచి వేదిక బాగా కనిపిస్తుందా? కారు దిగిన చోటి నుంచి ఎంత దూరం నడవాలి? పైగా 6,450 అడుగుల ఎత్తు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఆయాసం రాదు కదా?

ఇంకో భయం వాన. గొడుగులు రానివ్వరు. 2023 జూన్‌లో వడగళ్లు పడి అక్కడ చాలామందికి దెబ్బలు తగిలాయి. అలాంటప్పుడు పెద్దవాళ్లు, పిల్లలతో ఎటు వెళ్లాలి?

పులిహోర డబ్బా, చిన్న కేక్ తీసుకెళ్లనిస్తారా? టికెట్లు ఈ వారమే తీసుకోవాలి. వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.