నాలుగు తరాల నల్లకోటు: గర్వపడాలా, ప్రశ్నించుకోవాలా?

తెనాలి_వరండా

పోయిన నెల మా అమ్మాయి లాయరుగా ఎన్‌రోల్ అయింది. మా ఇంట్లో నాలుగో తరం. తాతగారు సెకండ్ గ్రేడ్ ప్లీడరు (కింది కోర్టుల్లోనే వాదించే లాయరు), నాన్నగారు సివిల్ లాయరు, ఒక టర్మ్ మున్సిపల్ కౌన్సిలరు కూడా చేశారు, ఆ తర్వాత నేను. మా బార్ అసోసియేషన్‌లో చిన్న సభ పెట్టి అమ్మాయికి శాలువా కప్పారు. మాట్లాడిన వాళ్ళందరూ "లా వీళ్ళ రక్తంలోనే ఉంది" అన్నారు. అబద్ధం చెప్పను, నాకు కళ్ళు చెమర్చాయి. అదే రోజు మా బార్‌లో చేరిన ఇంకో కుర్రాడు చివరి వరుసలో కూర్చున్నాడు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతారు. అతని పేరూ చదివారు, ఒక్క ముక్కలో అయిపోయింది.

రాత్రి అన్నం తింటూ అమ్మాయి అడిగింది, "నాన్నా, నేనింకా ఒక్క వాయిదా కూడా అడగలేదు కదా, ఆ శాలువా దేనికి?" అని. నా దగ్గర జవాబు లేదు.

అలాగని మా ఇంటి సంగతి తీసిపారేయడానికీ మనసొప్పదు. తాతగారి వరండాలో పొడవాటి చెక్క బల్ల ఉండేది. మొదటి బస్సుకి పల్లెల నుంచి వచ్చిన కక్షిదారులు దానిమీద కూర్చునేవారు, మా నాయనమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చేది. గట్టు తగాదాతో వచ్చిన అన్నదమ్ములిద్దర్నీ తాతగారు ఆ బల్లమీదే పక్కపక్కన కూర్చోబెట్టి, "కోర్టుకి పెట్టే డబ్బుతో ఇంకో అరెకరం వస్తుంది, పోయి సర్దుకోండి" అని పంపేయడం నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. ఆ ఫీజు ఆయనకి రాకుండా పోయింది. నేను ఈ పని నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే. దీన్ని వారసత్వం అని గర్వంగా చెప్పుకోవచ్చా, కూడదా? మీరేమంటారు?

మొదటి_తరం

సర్, మీ అమ్మాయికి శుభాకాంక్షలు, మనస్ఫూర్తిగానే చెప్తున్నా. నేను కరీంనగర్‌లో ప్రాక్టీసు. మా ఇంట్లో కోర్టు మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే, అంతకుముందు మా నాన్న ఒక్కసారి ఎక్కాడు, అదీ ముద్దాయిగా, అప్పు కేసులో.

నా దృష్టిలో లా వారసత్వం అంటే రక్తం కాదు, మొదటి మూడేళ్ళ అన్నం. నేను సీనియర్ దగ్గర చేరిన మొదటి ఎనిమిది నెలలు చేతికి రూపాయి రాలేదు. పొద్దున టిఫిన్ మానేస్తే బస్ పాస్‌కి సరిపోయేది. నాతో చదివిన ఒకబ్బాయి వాళ్ళ నాన్న ఛాంబర్‌లోనే చేరాడు, రెండో నెలలోనే సాక్షిని క్రాస్ చేశాడు, అంటే ఎదుటి పక్షం సాక్షిని కోర్టులో ప్రశ్నించాడు. నేను క్రాస్ చేయడానికి రెండేళ్ళు పట్టింది. వాడు నాకంటే తెలివైనవాడేం కాదు, తక్కువవాడూ కాదు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో జూనియర్లకి పట్నాల్లో నెలకి 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని సర్క్యులర్ ఇచ్చింది. ఇవ్వమని సూచన మాత్రమే, తప్పనిసరి కాదు. ఆంధ్రాలో 2019 చివర్లో ప్రభుత్వం లా నేస్తం పేరుతో జూనియర్లకి నెలకి 5,000 మొదలుపెట్టింది, అదైనా చాలామందికి ప్రాణం పోసింది. ఇక 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలంది. అనుభవం కావాలన్న మాట న్యాయమే, కాదనను. కానీ ఆ మూడేళ్ళు మాలాంటివాళ్ళకి ఎవరు అన్నం పెడతారు? ఇంట్లో వరండా, బల్ల ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్నే రాదు.

డాలస్_నుంచి

డాక్టర్ల పిల్లలు డాక్టర్లయితే, రైతు కొడుకు రైతయితే ఎవరూ ఏమీ అనరు. లాయర్ల దగ్గరికొచ్చేసరికే ఇంత చర్చ ఎందుకు? ఇంట్లో పని చూస్తూ పెరిగిన పిల్లలకి ఆ పని వస్తుంది, అంతే కదా.

మొదటి_తరం

అన్నా, డాక్టర్ గారబ్బాయైనా నీట్ రాయాల్సిందే. కింది కోర్టు జడ్జికీ పరీక్ష ఉంది, అందుకే అక్కడ మాలాంటివాళ్ళు కనిపిస్తున్నారు. హైకోర్టు జడ్జికి పరీక్ష లేదు. బార్ నుంచి, అంటే లాయర్లలోంచి, తీసుకునేటప్పుడు ఎవరు ఎవరికి తెలుసు, ఏ ఛాంబర్ నుంచి వచ్చారు అన్నది బరువు తూగుతుంది. ఆ పద్ధతిని మార్చడానికి తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ని 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. ఆ ఒక్కరూ మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్. జడ్జీల్ని సీనియర్ జడ్జీలే ఎంచుకునే కొలీజియం తలుపులు మూసుకుని నడుస్తోందని ఆయన గట్టిగానే రాశారు. ప్రభుత్వం చేతికిస్తే అంతకన్నా ప్రమాదం అని మిగతావాళ్ళ భయం, అది కూడా కొట్టిపారేసేది కాదు.

పాత_కట్టలు

ముప్ఫై నాలుగేళ్ళు కోర్టులో పనిచేసి రిటైరయ్యాను. ఎర్ర గుడ్డలో చుట్టిన కట్టలు మోసిన చేతులివి. నాకు తెలిసిన రెండు మూడు కుటుంబాల సంగతి చెప్తాను, ఆలోచించండి.

జస్టిస్ వై.వి. చంద్రచూడ్ 1978 నుంచి 1985 దాకా దేశ ప్రధాన న్యాయమూర్తి, ఏడేళ్ళ పైన. ఆ పదవిలో అంతకాలం ఇంకెవరూ లేరు. కొడుకు డి.వై. చంద్రచూడ్ 2022లో అదే కుర్చీలో కూర్చున్నారు. ఇంతవరకూ వింటే వారసత్వమే కదా అనిపిస్తుంది. కానీ ఎమర్జెన్సీలో 1976 ఏప్రిల్‌లో ఏడీఎం జబల్‌పూర్ కేసు తీర్పు వచ్చింది. అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకి వెళ్ళే హక్కు లేదని నలుగురు జడ్జీలు చెప్పారు. ఆ నలుగురిలో తండ్రి చంద్రచూడ్ ఒకరు. 2017లో గోప్యత హక్కు కేసులో తొమ్మిది మంది ధర్మాసనం కూర్చున్నప్పుడు, ఆ నలుగురి తీర్పులూ తీవ్రంగా లోపభూయిష్టమైనవని రాసింది కొడుకు. మరుసటి ఏడాది వ్యభిచార నేరం సెక్షన్ 497ని కొట్టేసిన ధర్మాసనంలోనూ ఆయన ఉన్నారు, 1985లో దాన్ని నిలబెట్టింది తండ్రి. ఇంటి పేరు నిలబెట్టడం అంటే తండ్రి తప్పుని దాచడం కాదని నాకు అప్పుడు అర్థమైంది. నాన్న రాసిన దాన్ని చేత్తో కొట్టేయడానికి ఎంత గుండె కావాలో, ఇద్దరు కొడుకుల తండ్రిగా నాకు తెలుసు.

అదే 2017 తీర్పు మన తెలుగాయన్ని నిలబెట్టింది, ఈ సంగతి చాలామందికి తెలీదు. రాజమండ్రి నుంచి వచ్చిన జస్టిస్ కోకా సుబ్బారావు 1962లో ఖడక్ సింగ్ కేసులో, పోలీసులు ఒక మనిషి వెంట పడి నిఘా పెట్టడం గురించి, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని, ఎక్కువమంది జడ్జీలతో విభేదించి, మైనారిటీ తీర్పు రాశారు. యాభై ఐదేళ్ళ తర్వాత ఆ మాటే సరైందని తేల్చారు. మరి సుబ్బారావుగారు లా ఎక్కడ దిద్దుకున్నారు? మామగారు పి. వెంకటరమణారావు ఆఫీసులో. మామగారు మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యాక బావమరిది పి.వి. రాజమన్నారుతో కలిసి ప్రాక్టీసు పెట్టారు. ఆ రాజమన్నారు 1948 నుంచి 1961 దాకా మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. సుబ్బారావు 1954లో గుంటూరులో మన ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి. మామగారి ఆఫీసు లేకపోతే ఆయన అంతవాడయ్యేవాడు కాదని నేను అనను. ఆ ఆఫీసు దేశానికి ఉపయోగపడలేదని మాత్రం ఎవరూ అనలేరు.

మొదటి_తరం

పెద్దాయనా, మీ మాట కాదనలేను. 1976లో ఆ నలుగురికీ ఎదురు నిలబడ్డ ఒకే ఒక్కడు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఆ పాపానికి 1977లో ఆయన్ని దాటేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు, ఆయన రాజీనామా చేశారు. ఆయన తమ్ముడి కొడుకు సంజీవ్ ఖన్నా 2024లో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. బాగుంది. కానీ ఆయన్ని 2019లో సుప్రీంకోర్టుకి తీసుకున్నప్పుడు చాలామంది సీనియర్లని దాటేశారు, అప్పట్లో గొడవ కూడా అయింది. పెదనాన్నకి జరిగిన అన్యాయం ఇంకొకళ్ళకి జరిగితే దాన్నేమనాలి? ఆయన మంచి జడ్జి కాదని నేను అనట్లేదు.

ఇంకొకటి. ప్రకాశం పంతులుగారి అమ్మ ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపారు. ఆయన ఏ తాత వరండాలోనూ కూర్చోలేదు. సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పైకోర్టులో వాదించే వీల్లేక ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చారు. పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టిన ఎన్.వి. రమణగారు 2021లో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఇలాంటివాళ్ళని చూపించి "చూశావా, దారి ఉంది కదా" అంటారు. ఆ దారిలో మధ్యలో ఆగిపోయినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు.

నల్లకోటు_అక్క

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక మాట. జస్టిస్ నాగరత్నగారు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఈ.ఎస్. వెంకటరామయ్యగారి అమ్మాయి. సీనియారిటీ ప్రకారం 2027లో దేశానికి మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి ఆవిడే అవ్వాలి. వారసత్వమే కదా అని కొట్టిపారేసేవాళ్ళకి నేను చెప్పేది, తాతలనాటి పుస్తకాలూ ఆఫీసూ కొడుకులకే కదా ఇచ్చారు ఇన్నాళ్ళూ. మా బ్యాచ్‌లో ఒక పెద్ద లాయరుగారు కూతురు గోల్డ్ మెడల్ తెచ్చుకున్నా ఛాంబర్ అల్లుడికి రాసిచ్చారు. కాబట్టి తెనాలి అన్నయ్యగారు తన ఛాంబర్‌లో కూతుర్ని కూర్చోబెడితే అది నాకు చిన్న విషయం కాదు. అన్నయ్యా, ఆ శాలువా ఉంచండి.

ఇంట్లో లాయరు లేని ఆడపిల్ల పరిస్థితి మాత్రం ఇంకా ఘోరం. రాత్రి ఎనిమిదింటికి సీనియర్ ఆఫీసులో డ్రాఫ్టింగ్ అంటే ఇంట్లో పెద్ద టెన్షన్. "మా నాన్న ఛాంబరే" అని చెప్పుకునే వీలు లేని పిల్లలు ఎంతమంది ఏడాదిలో మానేశారో నేను చూశాను.

చేవెళ్ల_చెరువు

రాజకీయం వైపు కూడా చూడండి. మా జిల్లాకి పేరిచ్చిన కె.వి. రంగారెడ్డిగారు వకీలు, తర్వాత ఉప ముఖ్యమంత్రి. అదే కుటుంబంలో జస్టిస్ కొండా మాధవరెడ్డి మన హైకోర్టుకీ బొంబాయి హైకోర్టుకీ ప్రధాన న్యాయమూర్తి. ఆ ఇంటి మూడో తరం విశ్వేశ్వర్‌రెడ్డి ఇంజనీరు, మా ఎంపీ. ఈ కుటుంబాన్ని మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు, "ఒకే ఇంట్లో ఎన్నాళ్ళు?" అనేవాళ్ళూ ఉన్నారు. కానీ ఎంపీని ఐదేళ్ళకోసారి మేం దింపొచ్చు, 2019లో ఓడించాం కూడా. జడ్జిని మేం దింపలేం. అందుకే కోర్టు వారసత్వానికి ఇంకా గట్టి లెక్క ఉండాలి అంటాను.

అన్ని వారసత్వాలూ ఒకటే అనుకోవద్దు కూడా. 2025లో ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ గవాయ్ తండ్రి ఆర్.ఎస్. గవాయ్, రిపబ్లికన్ పార్టీ నాయకుడు, తర్వాత గవర్నరు. ఆ ఇంట్లో ప్రజాసేవ తండ్రి నుంచి కొడుక్కి వచ్చిందే. తరతరాలుగా కోర్టు గుమ్మం కూడా తొక్కనివ్వని దళిత సమాజం నుంచి వచ్చినవాళ్ళు రెండో తరానికి ఆ కుర్చీకి చేరితే, దాన్ని మిగతావాటితో కలిపి తూకం వేయడం నాకు సరిగ్గా అనిపించదు.

తెనాలి_వరండా

అందరికీ ధన్యవాదాలు. కరీంనగర్ తమ్ముడి మాటలు రెండు రోజులు నిద్రపట్టనివ్వలేదు. మా తాతగారి పుస్తకాలు నాలుగు బీరువాలున్నాయి, పాత లా రిపోర్టులు. చివరి వరుసలో కూర్చున్న ఆ కుర్రాణ్ణి పిలిచి, ఎప్పుడైనా వచ్చి చదువుకో అని చెబుదామనుకుంటున్నా.

మొదటి_తరం

సర్, మీ మంచి మనసుకి దండం. కానీ పుస్తకాలు వద్దు. ఆ తీర్పులన్నీ ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతాయి. అతనికి కావాల్సింది వేరు. వకాల్తాలో, అంటే కక్షిదారు లాయరుకిచ్చే అధికార పత్రంలో, మీ పేరు కింద అతని పేరు కూడా వేయండి. నెలకి ఎంతో కొంత, ఒకటో తారీఖున ఇవ్వండి, అడిగించుకోకుండా. చిన్న సాక్షి ఎవరైనా వస్తే, మీ అమ్మాయికి ఒకరోజు, అతనికి ఒకరోజు క్రాస్ చేయడానికి ఇవ్వండి, మీరు వెనక కూర్చోండి. తప్పు చేస్తే కోర్టులో కాకుండా మీ వరండాలో తిట్టండి.

తెనాలి_వరండా

సరే తమ్ముడూ. సోమవారం ఒక భాగపంపకాల దావాలో పీడబ్ల్యూ-2, అంటే వాది తరఫు రెండో సాక్షి ఉంది. రేపు ఆ కుర్రాడికి ఫోన్ చేస్తాను. అమ్మాయికి చెప్పాను, "వాడికి ముందు ఇవ్వు నాన్నా, నాకు తర్వాతది చాలు" అంది.