కాలేజీ లైబ్రరీ పాత పుస్తకాలు స్కాన్ చేస్తే కాపీరైట్ తప్పా?

హన్మకొండ లైబ్రేరియన్:
మాది డిగ్రీ కాలేజీ. ఒక బీరువా నిండ నిజాం కాలం పుస్తకాలున్నయి. మొన్నటి వానలకు గోడ చెమ్మెక్కి కింది అరకు చెదలు పట్టినయి. ఒక పుస్తకం తెరిస్తే పేజీ అప్పడం లెక్క విరిగి చేతిలకొచ్చింది. వెనక అట్టకు అంటించిన స్లిప్పు మీద ఆఖరి డేటు ముద్ర 1983. ఇగ ఆగలేక సెల్లుతోనే స్కాన్ చేసుడు మొదలువెట్టిన, 31 అయినయి. ప్రిన్సిపాల్ సారుకు తెలిసి "కేసైతే నీ పేరే రాస్త" అన్నరు. పిల్లలేమో పీడీఎఫ్‌లు గ్రూపుల పెట్టమంటున్నరు. ఆపాల్నా, సాగియ్యాల్నా?

కేయూ (కాకతీయ యూనివర్సిటీ) పాత విద్యార్థి:
ఆపకండి సార్. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసు యాదికి లేదా? పాఠాల కోసం తమ పుస్తకాల పేజీలు జిరాక్స్ తీసి అమ్ముతున్నరని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ పబ్లిషర్లు 2012ల కేసేస్తే 2016 సెప్టెంబర్‌ల ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. డిసెంబర్‌ల ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచి కూడా ఎన్ని పేజీలు అని లెక్క పెట్టలేదు, పాఠానికి అవసరమా కాదా అన్నదే చూసింది. 2017ల పబ్లిషర్లే కేసు వాపస్ తీసుకున్నరు. నయీంనగర్ జిరాక్సులు లేకుంటే నా పీజీ గట్టెక్కేదే కాదు.

వరంగల్ అడ్వకేట్:
తమ్ముడూ, ఆ తీర్పును మరీ సాగదీస్తున్నవు. అది కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఐ) కింద, టీచరూ విద్యార్థీ పాఠం కోసం తీసుకునే ప్రతుల గురించి. పూర్తి పుస్తకం వాట్సాప్‌ల ఊరంతా పంచుకొమ్మని అందులో లేదు. లైబ్రరీకి వేరే క్లాజుంది, 52(1)(ఎన్), 2012 సవరణలో వచ్చింది. అచ్చు ప్రతి లైబ్రరీ దగ్గర ఇప్పటికే ఉంటే, భద్రపరిచేందుకు ఎలక్ట్రానిక్‌గా దాచుకోవచ్చు. అయితే చట్టంలో మాట 'వ్యాపారం చేయని పబ్లిక్ లైబ్రరీ'. కాలేజీ లైబ్రరీ పబ్లిక్ కిందికి వస్తదా? పబ్లిక్ లైబ్రరీ అంటే ఏందో చట్టం నిర్వచించలేదు. బయటి పాఠకులను కూడా రానిచ్చే కాలేజీ అయితే నేను వస్తదనే వాదిస్త. హార్డ్ డిస్కులో దాచండి, గ్రూపులో పెట్టకండి.

అంతకంటే ముందు ఒక్కో పుస్తకానికీ రచయిత చనిపోయిన సంవత్సరం చూడండి. చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏండ్లు నిండితే కాపీరైటే ఉండదు. సురవరం ప్రతాపరెడ్డి 1953ల పోయారు, 2014 నుంచి ఆయన రచనలు అందరివీ. వట్టికోట ఆళ్వారుస్వామి 1961, అంటే 2022 నుంచి. మన కాళోజీ 2002ల పోయారు గనక 2062 ఆఖరు దాకా ముట్టవద్దు. అనువాదమైతే అనువాదకుడి లెక్క వేరు, కొత్త ముందుమాటైతే అది రాసినాయన లెక్క వేరు.

కరీంనగర్ చిన్న ప్రచురణకర్త:
నా గోడు కూడా వినుండ్రి. చేతి పైసలతో 500 ప్రతులు ఏసిన. ఆర్నెల్లకే పీడీఎఫ్ తిరిగింది. పంపింది ఒక లెక్చరర్. ఆయనే ఫోన్ చేసి "అన్నా, మీ పుస్తకం మా పిల్లలు మస్తు చదువుతున్నరు" అన్నడు, నేనేదో బహుమతి గెలిచినట్టు! 300 ప్రతులు ఇంకా అటుక మీదనే, బియ్యం బస్తాల పక్కన. చదివిండ్రని సంబురపడాల్నా, ఏడ్వాల్నా?

కేయూ పాత విద్యార్థి:
అన్నా, మీ పుస్తకం దొరుకుతది, కొనొచ్చు. మీ విషయంలో నాది తప్పే. ఆ బీరువాలవి అట్ల కాదు కదా. అచ్చేసిన ప్రెస్సు ఎప్పుడో మూతబడింది, వారసులెక్కడున్నరో ఎరుక లేదు. ఎవర్ని అడగాలె?

వరంగల్ అడ్వకేట్:
దానికీ 31ఎ సెక్షన్ ఉంది. హక్కుదారు దొరకకపోతే లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే ముందుగాల దేశంలో ఎక్కువ భాగం తిరిగే ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన వెయ్యాలె. తెలుగు పుస్తకం వారసుడు ములుగులో ఉంటే ఇంగ్లిష్ పేపర్ల వెతకాలన్నమాట! చిన్న కాలేజీ లైబ్రరీ బడ్జెట్టు ఆ ప్రకటనకే చాలదు.

బీఈడీ విద్యార్థిని:
ఒక్క మాట. మా తమ్మునికి చూపు లేదు. అట్లాంటి వాళ్లు చదువుకునే రూపంలోకి మార్చడానికి 52(1)(జడ్‌బీ) వేరేగా అనుమతిస్తది. లాభం తీసుకోవద్దు, ఆ ప్రతులు అట్లాంటి వాళ్లకే అందాలె. దయచేసి స్కాన్‌ను ఫొటోలుగా వదిలెయ్యకుండా అక్షరాలుగా మార్చండి సార్. ఫొటో ఉంటే వాని ఫోన్ చదవదు.

హన్మకొండ లైబ్రేరియన్:
అందరికీ దండాలు. రాత్రి కూర్చొని వేరు చేసిన. 31ల 11 నిశ్చింతగా అందరివీ. ఆరింటికి హక్కులు నడుస్తున్నయి, అవి పాస్‌వర్డ్ పెట్టి లైబ్రరీ కంప్యూటర్లనే ఉంచిన. 14 తేలలేదు. సెక్షన్ల జిరాక్స్ చేతిల పెడితే ప్రిన్సిపాల్ సారు చదివి "ఆ 11 పిల్లలకియ్యి" అన్నరు. తేలని వాటిల ఒకటి బతుకమ్మ పాటల చిన్న పుస్తకం. ముఖపత్రం చెదలే తిన్నయి, రాసినాయన పేరు లేదు, ఏడాది లేదు. చివరి పేజీ కింద 'హనుమకొండ' అన్నంత వరకే కనిపిస్తున్నది. మీలో ఎవరింట్లనన్నా ఇంకో ప్రతి ఉన్నదా?