పాత రోగుల రికార్డులన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలా, మూడేళ్లవి చాలా?

ఎంఆర్‌డీ ఉద్యోగి:
నేను మెడికల్ రికార్డుల విభాగంలో (ఎంఆర్‌డీ) పనిచేస్తాను. మా ఆసుపత్రిలో సాఫ్ట్‌వేర్ మారుతోంది. పాతదాంట్లో పదిహేనేళ్ల రికార్డులున్నాయి. చివరి మూడేళ్లవి మాత్రమే ఎక్కించి, మిగతావి పాత సర్వర్‌లోనే చూసుకోవడానికి ఉంచుదామంటోంది మేనేజ్‌మెంట్. మీరేమంటారు?

డేటా ఇంజనీర్:
సరేననే అంటాను. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు ఉంచాలనే ఉంది. పాత డేటాలో చాలామందికి పుట్టిన తేదీ ఉండదు, వయసు ఒక్కటే ఉంటుంది. తేదీ లేకపోతే కొత్త సిస్టమ్ తీసుకోదు కాబట్టి అందరికీ జనవరి 1 వేసేస్తారు. అలాంటివన్నీ మోసుకెళ్లి ఏం లాభం?

స్టాఫ్ నర్స్, క్యాజువాలిటీ:
నేను ఒప్పుకోను. ఆ 3 ఏళ్లు కాగితాలకు పెట్టిన గడువు. పన్నెండేళ్ల కిందట పెన్సిలిన్ పడక ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషికి ఇవాళ పడుతుందని ఎవరు హామీ ఇస్తారు? అర్ధరాత్రి స్పృహ లేని పేషెంటును తెస్తే, ఇంకో లాగిన్ తెరిచి వెతికే తీరిక మాకుండదు. అలర్జీలు, బ్లడ్ గ్రూప్, స్టెంట్, పేస్‌మేకర్, దీర్ఘకాలిక జబ్బులు ఏ సంవత్సరానివైనా రావాల్సిందే. బిల్లులు, రోజువారీ బీపీ చార్టులు పాతదాంట్లోనే ఉండనివ్వండి.

డేటా ఇంజనీర్:
సిస్టర్, అలర్జీకి విడిగా గడి ఉంటే తేలిగ్గా తెచ్చేస్తాం. చాలాచోట్ల డాక్టర్లు రిమార్క్స్‌లో “పెన్ పడదు” అని రాసి వదిలేస్తారు. కూర్చుని చదివేదెవరు?

స్టాఫ్ నర్స్, క్యాజువాలిటీ:
మేమే చదవాలి. అందుకు విడిగా డ్యూటీ వేయాలి, మామూలు షిఫ్టు చేస్తూ చదవమంటే జరగదు. రేపు సర్జరీకి వచ్చేవాళ్లవి, డయాలసిస్ వాళ్లవి ముందు చూస్తాం. మిగతావాళ్ల రిమార్క్స్ ఉన్నవి ఉన్నట్టే, ‘సరిచూడలేదు’ అన్న గుర్తుతో, అదే స్క్రీన్ మీద కనిపించాలి.

ఇంకో మాట. పేర్లు కలిశాయని రికార్డులు కలిపేయకండి. లక్ష్మి స్పెల్లింగే రెండు మూడు రకాలు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు. 14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే పోల్చుకోవడం తేలికే, పాత రికార్డుల్లో అదెక్కడుంది? ఒక మనిషికి రెండు ఫైళ్లుంటే తర్వాతైనా కలపొచ్చు. ఇద్దరివి కలిసిపోతే ఒకరి బ్లడ్ గ్రూప్ ఇంకొకరి పేరు మీదికి వెళ్తుంది, అది బయటపడేసరికి ఆలస్యమైపోతుంది.

డేటా ఇంజనీర్:
కలపడం విషయంలో మీ మాటే సరైంది. గుర్తు పెట్టి చూపించడం కూడా చేయొచ్చు.

ఎంఆర్‌డీ ఉద్యోగి:
ఇద్దరికీ థ్యాంక్స్. రిమార్క్స్ సంగతి సోమవారం మీటింగ్‌లో పెడతాను. పాత వెండర్‌తో ఒప్పందం ముగిశాక ఆ సర్వర్ ఎవరి చేతిలో ఉంటుందో ఇక్కడ ఇంకా ఎవరూ అడగలేదు. అదీ అడుగుతాను.