వైజాగ్ బీచ్ రోడ్డులో 1980ల చివరి నాటి చిన్న లాడ్జి: ఆచూకీ పట్టేదెలా?

ఉప్పుగాలి:
రుషికొండ వైపు ఉండేదని ఇంట్లో అందరూ చెప్పే ఓ చిన్న లాడ్జి ఎక్కడిదో తేల్చాలి. పేరు ఎవరికీ గుర్తులేదు. చేతిలో ఉన్నవి: మూడు కలర్ ప్రింట్లు, వాటి నెగెటివ్‌లు, సగం చిరిగిన రూము బిల్లు (పేరున్న పైభాగమే పోయింది), వాల్తేరు అని అచ్చయిన రైల్వే లగేజీ రసీదు. రసీదు మీద తేదీ అలికిపోయింది.

కింద నాలుగు గదులు, పైన నాలుగు. ముందు పొడుగు వరండా, దానికి సిమెంటు జాలీ. పై వరండాలోంచి తీసిన ఫొటోలో ఎదురుగా సముద్రం, ఎడమచేతి వైపు దగ్గర్లోనే కొండ. మ్యాపులో వెతికితే అన్నీ కొత్త రిసార్టులే వస్తున్నాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పాత_పటాలు:
పేరు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి. లీజుదారు మారితే లాడ్జి బోర్డు కూడా మారుతుంది. ప్రభుత్వ పర్యాటక సంస్థ వాళ్లవే 'పున్నమి'లు పోయి 'హరిత'లయ్యాయి. రుషికొండ మీదున్న హరితను 2021లో కూల్చేశారు కూడా. ముందు కాలం, ఆ తర్వాత చోటు తేలాలి. పేరు చివర్న దానంతటదే వస్తుంది.

కాలం: వాల్తేరు స్టేషన్ పేరు విశాఖపట్నంగా మారింది 1987లో. పాత స్టేషనరీ అయిపోయేదాకా వాడతారు కాబట్టి దానికి ఒకట్రెండేళ్లు కలుపుకోండి. ఫొటోల్లో బండి ఏదైనా ఉంటే నంబర్ ప్లేటు చూడండి. ఏపీ 31 అని ఉంటే 1989కి ముందుది కాదు. పాత మూడక్షరాల సిరీస్ ఉంటే మాత్రం ఏమీ తేలదు, పాత బండ్లు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తిరిగాయి. బిల్లు మీద ఫోన్ నంబరు మిగిలుంటే అంకెలు లెక్కపెట్టండి. ఇప్పుడు ఏడంకెలు. ముందు 2 చేర్చకముందు ఆరే.

చోటు: మీ మొత్తం సమస్య ఆ ఎడమచేతి కొండ దగ్గరే ఉంది. వైజాగ్ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. సముద్రానికి ఎదురుగా నిలబడితే మన చూపు ఆగ్నేయానికి. ఎడమచేయి భీమిలి వైపు, కుడిచేయి హార్బరు వైపు. సాగర్‌నగర్ ప్రాంతంలో నిలబడితే ఎడమన రుషికొండ వస్తుంది. లాసన్స్ బే దగ్గర నిలబడితే ఎడమన కైలాసగిరి వస్తుంది. రెండూ తీరాన్ని ఆనుకున్న కొండలే, పాత ప్రింటులో రెండూ ఒక పచ్చటి ముద్దలాగే కనబడతాయి. అందుకని ఎడమవైపు ఎంతసేపు చూసినా లాభం లేదు, ఫొటో కుడి అంచు చూడండి. కుడివైపు కూడా దగ్గర్లో కొండ ఉంటే అది కైలాసగిరి, మీరు దానికి ఉత్తరాన, అంటే రుషికొండ వైపు ఉన్నారు. దూరంగా, పొడుగ్గా, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ ఉంటే అది హార్బరు దగ్గరి డాల్ఫిన్ నోస్. అప్పుడు లాడ్జి కైలాసగిరికి ఇవతలే, ఊరి వైపు.

నీడను బట్టి దిక్కు తేల్చేవాళ్లకు ఒక మాట. వైజాగ్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. వేసవి సెలవుల ఫొటో అయితే లెక్క తలకిందులవుతుంది. లాడ్జి ముందుభాగం మీద ఎండ సూటిగా పడుతోందంటే మాత్రం పొద్దుటి పూట తీసినట్టే.

నెగెటివ్_పెట్టె:
కుడి అంచు అన్నారు కదా, దాన్ని ప్రింటులో చూడొద్దు. స్టూడియోలో ప్రింటు తీసేటప్పుడు ఫ్రేము నాలుగు వైపులా కాస్త కాస్త కోతపడుతుంది. మనకు కావలసింది సరిగ్గా ఆ అంచుల్లోనే ఉండొచ్చు. నెగెటివ్‌లో ఫ్రేము మొత్తం ఉంటుంది.

స్కానర్ ఉంటే 2400 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయండి. లేకపోతే ఒక ఫోను తెర మీద తెల్లటి పేజీ పెట్టి, వెలుతురు పూర్తిగా పెంచి, దానికి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున నెగెటివ్ పట్టుకుని ఇంకో ఫోనుతో తీయండి. తెరకు ఆనించి పెడితే తెర చుక్కలు కూడా ఫొటోలోకి వస్తాయి. గది చీకటిగా ఉండాలి. ఆ తర్వాత ఏ ఎడిటింగ్ యాప్‌లోనైనా రంగులు తిరగేస్తే సరి. నారింజ ఛాయ మిగిలితే దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసేయండి. మనకు కావలసింది కొండ గీత, రంగు కాదు.

మరో రెండు చూడండి. ఒకటి, స్ట్రిప్పు అంచున ఉండే అక్షరాలు, ఫ్రేము నంబర్లు తిన్నగా చదవగలిగితేనే నెగెటివ్ సరైన వైపు ఉన్నట్టు. తిరగబడి స్కాన్ అయితే ఎడమ కొండ కుడికి పోతుంది, పైన చెప్పిన లెక్కంతా గల్లంతు. ప్రింటు కూడా తిరగబడి అచ్చయి ఉండొచ్చు. బోర్డు, చొక్కా జేబు, చేతి వాచీ చూస్తే తెలిసిపోతుంది. రెండోది, ఆ ఫ్రేముకు ముందూ వెనకా ఉన్న ఫ్రేములు. 14లో లాడ్జి ఉంటే 13, 15లో ఏముందో చూడండి. ప్రింటు వేయించకుండా వదిలేసిన ఫ్రేముల్లోనే చాలాసార్లు వీధి, బస్టాపు, కొట్టు బోర్డు దొరుకుతాయి.

ఒక్క సూచన: స్ట్రిప్పులు కవరుకు అతుక్కుపోయి ఉంటే లాగకండి. ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) ఊడొస్తుంది. అలాగే స్టూడియో వాళ్లకివ్వండి.

ఉప్పుగాలి:
నెగెటివ్ చూశాను. ఎడమన దగ్గరి కొండ ఉంది, తిరగబడలేదు. ప్రింటులో లేని కుడి అంచులో సన్నగా, దూరంగా ఓ పొడుగు కొండ నీళ్లలోకి దిగుతోంది. మధ్యలో ఇంకేమీ లేదు. పక్క ఫ్రేములో ఇసుక మీద వరసగా తెప్పలు, వలలు ఆరేసి ఉన్నాయి. బిల్లు కింది భాగంలో 'విశాఖపట్నం-17' అని ఉంది. ఈ 17 ఏమిటి?

లాసన్స్‌బే:
ఇక రుషికొండ మాట మరిచిపోవచ్చు. పిన్‌కోడ్ 1972లో వచ్చినా చాలా ఏళ్లు మనవాళ్లు చివరి రెండంకెలే రాసేవారు. విశాఖపట్నం-17 అంటే 530017. లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ ఇందులోకే వస్తాయి. 530003 అయితే యూనివర్సిటీ వైపు, 530002 అయితే మహారాణిపేట. రుషికొండ ఇప్పుడు 530045, భీమిలి 531163.

ఎంవీపీ లోపలికి ఉంటుంది, వరండాలోంచి ఎదురుగా సముద్రం రాదు. తెప్పలూ వలలూ అంటే పెద జాలరిపేటకు దగ్గర. కాబట్టి పెద జాలరిపేట నుంచి అప్పూఘర్ దాకా ఉన్న ముక్కలో వెతకండి. బయటి ఊరివాళ్లు బీచ్ రోడ్డులో ఎక్కడ దిగినా తర్వాత రుషికొండ అనే చెప్పుకుంటారు. ఆ పేరుకున్న మహిమ అది!

మెట్లు దిగితే నీళ్లు ఎన్ని అడుగుల దూరంలో ఉండేవో గుర్తుందని ఎవరైనా అంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఈ తీరంలో ఇసుక ఒక సీజన్‌లో కోసుకుపోతుంది, ఇంకో సీజన్‌లో మేట వేస్తుంది.

పాత_పటాలు:
బాగా దగ్గరికొచ్చారు. ఇప్పుడు కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకుని గడియారం గుర్తు నొక్కి పాత చిత్రాల్లోకి వెళ్లండి. ఫోన్ మ్యాపుతో కుదరదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది కదా, దానికి ముందు చిత్రాలే చూడండి. తర్వాతి వాటిలో చెట్లు లేవు, రేకులు ఎగిరిపోయాయి, ఒకే కట్టడాన్ని కూడా గుర్తుపట్టలేం.

కట్టడం కొలత ముందే వేసుకోండి. ఫొటోలో తలుపు ఎత్తు ఏడడుగులు అనుకుంటే మిగతావన్నీ దాంతో కొలవొచ్చు. గదికి 11 అడుగుల చొప్పున నాలుగుకి 44, మెట్ల గదికి ఇంకో 8, మొత్తం 52 అడుగులు. అంటే దాదాపు 16 మీటర్లు. అరమీటరు స్పష్టతున్న (అంటే ఒక్కో చుక్క అరమీటరు) చిత్రంలో అది 32 చుక్కల గీత. రూలర్ పెట్టి, రోడ్డుకు సమాంతరంగా 15 నుంచి 18 మీటర్లున్న పొడుగు కప్పులు మాత్రమే గుర్తు పెట్టుకుంటూ పోండి. వేర్వేరు సంవత్సరాల చిత్రాలు ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవు, కొన్ని మీటర్లు జరుగుతాయి. మారని గుడి మూలో, రోడ్డు మలుపో పట్టుకుని సరిపోల్చండి.

దస్తావేజు:
గుర్తు పెట్టుకున్నవి రెండు మూడు జాగాలకు తగ్గాక ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయండి. ఏపీ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 1983 జనవరి నుంచి ఉన్నవే వస్తాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి మాన్యువల్‌గా వెతికించుకోవాలి. డోర్ నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఇంకోసారి వెతకండి. పాత దస్తావేజుల్లో డోర్ నంబరు లేకుండా సర్వే నంబరు, ప్లాటు నంబరు మాత్రమే రాసుంటాయి. ఒకదానితోనే వెతికి 'నిల్' వచ్చిందని వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఈసీలో లాడ్జి పేరు కోసం చూడకండి, దాదాపు రాదు. ఆ రోజుల్లో ఏడాదికి లోపు లీజులు రిజిస్టర్ చేయక్కర్లేదు కాబట్టి చాలా చిన్న లాడ్జీలు పదకొండు నెలల కాగితం మీదే నడిచేవి. ఈసీలో చూడాల్సింది లావాదేవీల వరస. ఏళ్ల తరబడి ఒకే యజమాని, తర్వాత ఒక 'డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ' (కట్టడానికి బిల్డరుకు అధికారమిచ్చే ఒప్పందం), ఆ వెంటనే వరసగా ఫ్లాట్ల సేల్ డీడ్‌లు. ఇలా కనిపిస్తే పాత కట్టడం పడగొట్టి అపార్టుమెంటు కట్టారన్నమాట. ఆ అగ్రిమెంటు ఏడాదికి ముందూ తర్వాతా ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి.

అసలు కిటుకు పక్కవాళ్ల దస్తావేజుల్లో ఉంది. ప్రతి సేల్ డీడ్ షెడ్యూల్‌లో నాలుగు హద్దులు రాస్తారు. పక్క ప్లాటు డీడ్‌లో 'ఉత్తరం: ఫలానా లాడ్జి ప్రహరీ' అని రాసుంటే మీకు కావలసిన పేరు అక్కడే దొరికినట్టు. 1985, 1995 మధ్య డీడ్ ఒకటి ఎంచుకుని సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. యజమానుల పేర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.

ఉప్పుగాలి:
మున్సిపాలిటీకి ఆర్టీఐ వేస్తే లాడ్జీల జాబితా రాదా?

దస్తావేజు:
వేయొచ్చు, ఫీజు పది రూపాయలే. 'పాత లాడ్జి వివరాలు ఇవ్వండి' అని రాస్తే 'సమాచారం లభ్యం కాదు' అని ముప్పై రోజులకు ఒక్క ముక్కలో వస్తుంది. రిజిస్టర్ పేరు, వార్డు, ఏళ్లు రాసి అడగాలి: లాడ్జింగ్ హౌస్‌ల ట్రేడ్ లైసెన్సు రిజిస్టర్‌లో ఫలానా వార్డుకు 1986 నుంచి 1990 వరకు ఉన్న పేజీల నకళ్లు. అవి నాశనం చేసి ఉంటే ఆ ఉత్తర్వు నకలు కూడా ఇమ్మని అదే దరఖాస్తులో అడగండి. అలా అడిగితే నిజంగా బీరువా తెరిచి చూసే అవకాశం కొంత ఎక్కువ. రుషికొండ వైపు వెతికేవాళ్లకు ఇది పనికిరాదు. అవి 2005లో జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ కార్పొరేషన్) ఏర్పడేదాకా పంచాయతీలు, కాగితాలు కార్పొరేషన్‌లో ఉండవు.

లాసన్స్‌బే:
ఆర్టీఐ జవాబు వచ్చేలోపు ఒక పొద్దున పెద జాలరిపేట వైపు వెళ్లండి. వేట నుంచి తెప్పలు ఒడ్డుకొచ్చాక, చేపలమ్మే హడావుడి తగ్గాక మాట్లాడండి. ఆటోవాళ్లను అడగొద్దు, చాలామంది తర్వాత వచ్చినవాళ్లే. లాడ్జీలకు చేపలు పోసినవాళ్లు, దుప్పట్లు ఉతికినవాళ్లు, రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఎవరైనా ఉంటే ఆయన. 'ఇక్కడ లాడ్జి ఉండేదా' అంటే అందరూ ఉందనే అంటారు. ఫొటో చూపించి, 'ఈ జాలీ ఉన్న మేడ ఏది' అని అడగండి. పై వరండా ఫొటో కాదు, బయటి నుంచి తీసింది చూపించండి. లోపలి నుంచి సముద్రం వాళ్లెవరూ చూసి ఉండరు.

నెగెటివ్_పెట్టె:
ఆ బయటి ఫొటోలో బోర్డు ఉంటే దాని కింది మూల బాగా పెద్దది చేసి చూడండి. ఆ రోజుల్లో బోర్డు రాసిన ఆర్టిస్టు అక్కడ చిన్నగా తన పేరు వేసుకునేవాడు. బోర్డు పేరు మసకబారినా ఆ సంతకం చదవగలిగితే ఊళ్లో పాత బోర్డు ఆర్టిస్టులకు చూపించండి, ఎవరి చెయ్యో చెప్పేస్తారు.