ఎం 105 పక్కన ఉన్న గెలాక్సీలన్నీ ఒకే గుంపా?

ప్రశ్న (తిరుపతి)
8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్, 25, 10 మి.మీ. ఐపీస్‌లు. సింహరాశిలో ఎం 105 దగ్గర రెండు మసక మచ్చలు కనిపిస్తున్నాయి. వాటిలో ఎలిప్టికల్ (గుండ్రంగానో కోడిగుడ్డులానో ఉండే గెలాక్సీ) ఏది? మ్యాపులో ఉన్న మూడోది, ఎన్‌జీసీ 3389, అసలు దొరకడం లేదు. లైట్ పొల్యూషన్ ఫిల్టర్ కొనాలా? మూడూ ఒకే గుంపువేనా అండీ?

జవాబు 1
ఫిల్టర్‌కు డబ్బు పెట్టకండి. గెలాక్సీ వెలుగంటే నక్షత్రాల వెలుగే, అన్ని రంగులూ కలిసి ఉంటాయి. ఫిల్టర్ దాన్నీ కోసేస్తుంది. పైగా ఎల్ఈడీ వీధిదీపాల తెల్లటి కాంతిని పూర్తిగా ఆపలేదు.

డాబ్‌లో బొమ్మ తలకిందులవుతుంది కాబట్టి దిక్కులు చూసి పోల్చుకోవద్దు. 10 మి.మీ. పెట్టి ట్యూబ్‌ను కదపకుండా వదిలేయండి. ముందుగా జారిపోయేది ఎం 105. సుమారు 27 సెకన్లకు దాని వెనకే ఎన్‌జీసీ 3384, ఇంకో 11 సెకన్లకు 3389. మీరడిగిన ఎలిప్టికల్ ఎం 105; గుండ్రంగా ఉంటుంది, నడిమి వెలుగు అంచంటూ తెలియకుండా మెల్లగా కరిగిపోతుంది. 3384 కాస్త సాగినట్టుంటుంది, అది లెంటిక్యులర్ (కటకం ఆకారపు గెలాక్సీ). 3389 ప్రకాశం 12 దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). ఆ కొద్దిపాటి వెలుగూ పలచగా పరుచుకుని ఉంటుంది, ఊళ్లోంచి కష్టమే.

జవాబు 2
భాకరాపేట ఘాట్ దాటి వెళ్లండి, తిరుపతి వెలుగు తూర్పున ఉండిపోతుంది. సింహరాశి కూడా తూర్పునే లేస్తుంది కనుక బాగా పైకి వచ్చేదాకా ఆగాలి. అలాగని నడినెత్తికి రానివ్వకూడదు! ఎం 105 డిక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) 12.6 డిగ్రీలు, మన అక్షాంశం 13.6. అంటే దాదాపు తల మీదుగానే పోతుంది. డాబ్ నిటారుగా నిలబడినప్పుడు అడ్డంగా ఎంత తిప్పినా ట్యూబ్ తనచుట్టూ తాను తిరుగుతుందే తప్ప వస్తువు వెంట వెళ్లదు. ఏప్రిల్ మొదట్లో రాత్రి 10:20 ప్రాంతంలో నడినెత్తికి వస్తుంది. 8:30 నుంచి 9:30 లోపు చూసుకోండి, అమావాస్య దగ్గర పడితే మరీ మంచిది.

మఖ నుంచి పుబ్బ జంటలో దక్షిణపు చుక్కకు గీత గీసుకుంటే, సగం దాటాక ఫైండర్‌లో (ట్యూబ్ మీది చిన్న దుర్బిణిలో) 52 లియోనిస్ అనే చుక్క కనిపిస్తుంది. దానికి ఆగ్నేయంగా 23 ఆర్క్ నిమిషాల (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం) దూరంలో ఎన్‌జీసీ 3377. అది కూడా ఎలిప్టికలే కానీ బాగా నొక్కినట్టుంటుంది, దాన్ని చూడకుండా వదలొద్దు. అక్కడినుంచి నేరుగా దక్షిణానికి 1.4 డిగ్రీలు దిగితే ఎం 105.

జవాబు 3
గుంపు సంగతి ఎవరూ చెప్పలేదు. ఎం 105, 3384, 3377, ఇంకా ఎం 95, ఎం 96 ఒకే గుంపు. దూరం సుమారు మూడున్నర కోట్ల కాంతి సంవత్సరాలు. 3389 మాత్రం ఈ గుంపుది కాదు. దాదాపు రెట్టింపు దూరంలో, అదే వరసలో వెనక ఉన్న స్పైరల్ (సుడి ఆకారపు) గెలాక్సీ. ఎం 105, 3384 చుట్టూ హైడ్రోజన్ వాయువు వలయం ఒకటుంది. 1983లో అరెసిబో రేడియో టెలిస్కోపుతో బయటపడింది. అది ఐపీస్‌లో కనిపించేది కాదు, దానికోసం వెతకొద్దు. ఎం 95, ఎం 96 మధ్య దూరం 42 ఆర్క్ నిమిషాలే, మీ 25 మి.మీ. ఐపీస్‌లో రెండూ ఒకేసారి పడతాయి.